అన్నీ ఎడమ చేతులే

ఆ ఏడాది బడి యూనిఫారాల కాలమంతా మా అత్తయ్య ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. మా ఇంటి సంగతి తెలిసినవాళ్ళకి ఈ ఒక్క ముక్క చాలు, కొంప ఎక్కడో మునుగుతోందని అర్థమైపోతుంది. తెలియనివాళ్ళ కోసం మిగతాది చెబుతాను.

మాది దర్జీ ఇల్లు. వీధి వైపు గది కొట్టు, వెనక రెండు గదులు కాపురం. మామయ్య కొలతలు తీస్తారు, వచ్చినవాళ్ళతో తీయగా మాట్లాడతారు, ఇవాళ ఇస్తామన్న చొక్కాని ఎదుటివాళ్ళకి కోపం రాకుండా ఎల్లుండికి జరపడంలో ఆయనకి సాటి లేరు. మా ఆయనా నేనూ చెరో మిషను మీద కుడతాం. కత్తెర మాత్రం అత్తయ్యది. దాంతో ఇంకెవరైనా కాగితం కోశారని తెలిస్తే ఇల్లు పీకి పందిరేసేది. సుద్దగీత పెట్టకుండా, కంటి అంచనాతోనే, మడతలకి మడతలు కోసేది. కత్తెర ఆడినంతసేపూ నోరూ ఆడేది. నేను కుట్టిన కాలరు ఎవరి పీకకోసం కుట్టానో వాళ్ళనే తీసుకొచ్చి చూపించమనేది. మా ఆయన కుట్టిన జేబులో ఒక కుటుంబం అద్దెకి దిగొచ్చనేది. కాపురానికి వచ్చిన కొత్తలో నేను మిషను మీద తల పెట్టుకుని ఏడ్చేదాన్ని. తర్వాత తెలిసింది, తిట్టిన పావుగంటకే నా టీ చల్లారిందేమోనని మళ్ళీ వేడి చేసి తెచ్చేది కూడా ఆవిడేనని. అయినా నేను ఎదురు మాట్లాడింది లేదు. ఆవిడ ఏమన్నా తల ఊపడమే నాకు తెలిసిన విద్య.

అత్తయ్యకి ఎదురు నిలిచే మనిషి ఒక్కతే ఉండేది. ఆవిడ కాజాల పిన్ని. పేరుకి పిన్నే కానీ మాకు చుట్టం కాదు. కిటికీ పక్కన ఎత్తుపీట మీద కూర్చుని, చొక్కాలకి చేత్తో కాజాలు కుట్టి గుండీలు వేసేది. మా ఆయన పుట్టక ముందు నుంచీ ఆ పీట ఆవిడదే. పొద్దున్న కొట్టు తలుపులు తీసిన దగ్గర్నుంచి సాయంత్రం మూసేదాకా ఇద్దరూ పోట్లాడుకునేవారు. పోట్లాట ఎక్కడ మొదలైనా చివరికి దారం దగ్గరికి వచ్చేది. కాజా గుడ్డలో కలిసిపోవాలి, దారం గుడ్డ రంగులోనే ఉండాలి అని అత్తయ్య. కాజా కూడా ఒక పనే, నలుగురి కంటా పడాలి, గుండీ రంగు దారమే వేయాలి అని పిన్ని. “మొండిఘటం” అని అత్తయ్య అనేది. “నీ తర్వాతే” అని పిన్ని అనేది. అత్తయ్య మా అందర్నీ వంద తిట్లు తిట్టేది కానీ మొండిఘటం అన్న మాట మాత్రం పిన్నికే దాచి ఉంచేది. ఆ గోలలో తన రేడియో వినపడక మామయ్య దాన్ని చెవికి ఆనించుకుని కూర్చునేవారు.

ఆ చలికాలం చివర్లో పిన్ని పోయింది. దగ్గుతో మంచం పట్టి మళ్ళీ లేవలేదు. అత్తయ్య వెళ్ళి చూసి వచ్చింది, మధ్యాహ్నానికల్లా బల్ల దగ్గర నిలబడి కోయాల్సినవి కోసింది. ఏడవలేదు. చుట్టం పోతే పలకరించడానికి నలుగురు వస్తారు. కొట్లో కాజాలు కుట్టే మనిషి పోతే అత్తయ్యని పలకరించాలని ఎవరికి తడుతుంది? మాకూ తట్టలేదు. పోట్లాట తప్పింది, ఆవిడకి కాస్త తెరిపిగా ఉంటుందని కూడా అనుకున్నాం. కాజాలు పక్క వీధిలో మిషను ఉన్నవాళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టాం. పీట కిటికీ దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత నుంచి అత్తయ్యకి నిద్ర పట్టడం మానేసింది. తెల్లారి నేను లేచేసరికి దీపం వెయ్యకుండా బల్ల ముందు నిలబడి ఉండేది. కంచంలో అన్నం అటు తోసి ఇటు తోసి లేచిపోయేది. కళ్ళ కింద నల్లటి చారలు దిగాయి. అడిగితే వయసు మీద పడింది అనేది. ఇక లాభం లేదని మామయ్య గుర్రం డాక్టరుగారి దగ్గరికి బయలుదేరదీశారు, తోడు నేనూ వెళ్ళాను.

గుర్రం డాక్టరంటే పశువుల డాక్టరనుకునేరు. మా వీధికి కొత్తగా వచ్చిన ఒకాయన అలాగే అనుకుని కుక్కని తీసుకెళ్ళి తిరిగొచ్చాడు. ఆయన పిల్లల డాక్టరు. బయటి గదిలో పిల్లలు ఊగడానికి ఒక చెక్క గుర్రం ఉంటుంది, అందుకని ఆ పేరు. మా ఆయన నెలలు నిండకుండా పుడితే, ఈయనే పగలనక రాత్రనక కనిపెట్టుకుని ఉండి బతికించారట. అంత చిన్న ప్రాణాన్ని నిలబెట్టినవాడికి మిగతావన్నీ ఒక లెక్కా అని అత్తయ్య నమ్మకం. మామయ్య మోకాళ్ళ నొప్పికీ ఆయనే, నా జ్వరానికీ ఆయనే. నేను పిల్లల డాక్టర్నమ్మా అని ఆయన మొత్తుకుంటే, మేమంతా మీకు పిల్లలమే కదా అనేది. చంటిబిడ్డల్ని తూచే త్రాసు పక్కన, బొమ్మల మధ్య, మామయ్య మోకాలు బయటపెట్టి కూర్చోవడం నా కళ్ళతో చూశాను.

ఆ రోజు గది నిండా దగ్గే పిల్లలు. డాక్టరుగారు నాడి చూశారు, రక్తపోటు చూశారు, నిద్ర పట్టక ఎన్నాళ్ళైందని అడిగారు. ఎందుకు పట్టడం లేదని కూడా అడగబోయారేమో, ఇంతలో బయట ఎవరి బిడ్డకో వాంతి అయింది, ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది. తిరిగొచ్చి పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుకి చూపించుకోమన్నారు. అత్తయ్య మొహం మాడిపోయింది.

“నాకు పిచ్చా డాక్టరుగారూ?”

“పిచ్చని ఎవరన్నారమ్మా. నిద్రకి సంబంధించిన మందులు వాళ్ళు బాగా చూస్తారు. అది నా పని కాదు.”

“నా కొడుకు అరచేతిలో పట్టేంత ఉంటే బతికించి నా చేతికిచ్చారు. ఇంత నిద్ర ఇవ్వలేరూ?”

ఆ మాటతో డాక్టరుగారికి కాళ్ళు చేతులు కట్టేసినట్టే అయిపోయింది. రాత్రి పడుకునే ముందు వేసుకోమని ఒక చిన్న మాత్ర రాసిచ్చారు. పది రోజులకే ఇస్తున్నాను, అవి అవగానే వచ్చి కనబడాలి అని మామయ్యకి గట్టిగా చెప్పారు. మామయ్య అలాగే అన్నారు. ఆయన అలాగే అంటే ఎల్లుండికి జరపడమని డాక్టరుగారికి తెలియదు పాపం.

మాత్ర పనిచేసింది. ఆ సంగతి దాచకూడదు. మొదటి రోజే అత్తయ్య బారెడు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. వారం తిరిగేసరికి మొహం తేటపడింది. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. సరిగ్గా అప్పుడే యూనిఫారాల పని వచ్చి పడింది. బడులు తెరిచే ముందు రెండు నెలలు మా ఇంట్లో పీట వేసుకుని కూర్చోవడానికి కూడా చోటుండదు, ఎక్కడ చూసినా నీలం గుడ్డ, తెల్ల గుడ్డ. ఏటా ఆ రోజుల్లో అత్తయ్య గొంతు వీధి చివరిదాకా వినపడేది. ఈసారి ఇల్లు గుడిలా నిశ్శబ్దంగా ఉంది. నా కాలరు చూసి బాగుందమ్మా అంది. మా ఆయన జేబు వంకర పోతే పోనీలే అంది. మామయ్య రేడియో బల్ల మీద పెట్టుకుని, కాళ్ళు బారచాపుకుని, ఏళ్ళ తర్వాత పాట మొదటి నుంచి చివరిదాకా విన్నారు. ఎవరైనా పెద్దమనిషి ఆ వారంలో మా కొట్టుకి వచ్చి ఉంటే, ఎంత అన్యోన్యంగా ఉన్నారో అని ముచ్చటపడేవాడు. నిజం చెప్పొద్దూ, మాకూ హాయిగానే ఉంది.

అందుకే పది రోజులు అయిపోయినా ఎవరం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళలేదు. మందులకొట్టులో గుర్రం డాక్టరు ఇచ్చినవే అని మామయ్య చెబితే ఇంకో అట్ట చేతిలో పెట్టేవారు. మామయ్యది ప్రేమే, అందులో అనుమానం లేదు. మధ్యాహ్నం అత్తయ్య కాస్త కుదురు లేకుండా కనబడితే, పోనీ పాపం, ఓ సగం వేసుకో, ఓ కునుకు తియ్యి అని ఆయనే మాత్ర విరిచి, మంచినీళ్ళు పట్టుకుని నిలబడేవారు. కొన్నాళ్ళకి రాత్రి ఒకటి చాలక రెండయ్యాయి. అత్తయ్య నడుస్తుంటే గోడ పట్టుకోవడం చూశాం. చెప్పిందే చెప్పడం చూశాం. పని ఒత్తిడి అనుకున్నాం.

తేడా ముందు కనిపెట్టింది ఇంట్లో వాళ్ళం కాదు, పాటల మాస్టారు. ఆయన పక్క వీధిలో పిల్లలకి పాట నేర్పుతారు. ఏడాదికోసారి ప్యాంటు బిగుతైందని పట్టుకొస్తారు, ప్యాంటు బిగుతవలేదు, మీరు లావయ్యారు అని అత్తయ్య ఆయన్ని ఉతికి ఆరేస్తుంది, ఆయన నవ్వుతూ వెళ్తారు. ఈసారి అత్తయ్య ప్యాంటు అందుకుని, అలాగే వదులు చేస్తామండీ అంది. మాస్టారు మెట్టు మీద నిలబడిపోయారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, “మీ అత్తగారికి ఒంట్లో బాలేదా అమ్మా? ఆవిడ చేత రెండు తిట్లు తినకపోతే ప్యాంటు ఇచ్చినట్టే లేదు” అన్నారు. నేను నవ్వేసి ఊరుకున్నాను కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది.

ఆ వారమే నీలం చొక్కాల చేతులు కోయాల్సి వచ్చింది. ఈ పని తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. చొక్కా చేతికి చంక దగ్గర ముందు కోత వేరు, వెనక కోత వేరు. నీలం గుడ్డకి ఒక వైపు మెరుపు, ఒక వైపు లేదు. అందుకని మడతలు పరిచేటప్పుడు ఒకదాని మెరుపు ఇంకోదానికి ఎదురుగా పెట్టి కోస్తే, ఒక కుడి చెయ్యి, ఒక ఎడమ చెయ్యి జోడుగా వస్తాయి. దర్జీ ఇంట్లో పిల్లలకి అక్షరాల కంటే ముందు వచ్చే సంగతి ఇది. అత్తయ్య పొద్దున్నే మడతలు పరిచింది, కోసింది, మూట కట్టి నా మిషను పక్కన పెట్టి వెళ్ళి పడుకుంది.

నేను మొదటి చొక్కాకి ఒక చెయ్యి వేశాను, బాగానే కూర్చుంది. రెండోది వేస్తే వెనక్కి తిరిగింది. నేనే తప్పుగా తీశాననుకుని ఇంకోటి తీశాను. అదీ అంతే. మూట విప్పి ఒక్కొక్కటే బల్ల మీద పరుచుకుంటూ పోయాను. అన్నీ ఎడమ చేతులే. మా ఆయన వచ్చి చూశారు, మామయ్య వచ్చి చూశారు. ఒక్క బడికి సరిపడా చొక్కాలు, ఒక్కదానికీ కుడి చెయ్యి లేదు.

అత్తయ్యని లేపి చూపించాం. నాకు ఇప్పటికీ ఆ నిమిషం కళ్ళకి కట్టినట్టు ఉంది. ఏదో ఒకటి జరుగుతుందని చూశాను. గుడ్డ ఎవరు పరిచారని అరుస్తుందనుకున్నాను, తప్పు నా మీదకి నెట్టినా బాగుండేదనుకున్నాను. ఆవిడ ఒక చెయ్యి తీసి, మెరుపు వైపు వేలితో రాసి, మళ్ళీ కింద పెట్టింది.

“అలాగా” అంది. “సరేలే అమ్మా.”

వెళ్ళి మళ్ళీ పడుకుంది. మామయ్య రేడియో కట్టేసి, గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

ఆయన బాధంతా కోపమై మాత్రల మీదకి మళ్ళింది. ఇంట్లో ఉన్న అట్టలన్నీ ఏరి, చెత్తబండిలో పడేసి వచ్చారు. ఇక ఆ దరిద్రం మన గడప తొక్కకూడదన్నారు. మేమూ అదే మంచిదనుకున్నాం. ఆ మర్నాటి నుంచి అత్తయ్యకి ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. చెమటతో జాకెట్టు తడిసిపోయేది, గుండె దడదడలాడుతోందని నా చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకునేది. గిన్నె చప్పుడైనా ఉలిక్కిపడేది. నిద్ర అసలే లేదు. ఆ స్థితిలో కూడా లేచి బల్ల దగ్గరికి వెళ్ళింది, కుడి చేతులు కోస్తానని. కత్తెర చేతిలో నిలవలేదు, నేల మీద పడింది. నేను తీసి ఇవ్వబోతే వద్దంది.

“ఇది పట్టుకోలేకపోతే నేనీ ఇంట్లో దేనికే?” అని అడిగింది.

ఈసారి నేను తల ఊపలేదు. మా ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా డాక్టరుగారి కోసం పరిగెత్తారు.

గుర్రం డాక్టరుగారు మధ్యాహ్నం, పిల్లల్ని కూర్చోబెట్టి మరీ వచ్చారు. అత్తయ్యని చూశారు, సంగతంతా విన్నారు, ఆయన మొహం ఎర్రబడింది. మాత్రలు ఒక్కసారిగా ఆపమని ఎవరన్నారని అడిగారు. నేనే అన్నారు మామయ్య. పది రోజుల మందు ఇన్నాళ్ళు ఎవరు వేయమన్నారు? నేనే అన్నారు మామయ్య. సగాలు విరిచి ఎక్కువ చేసింది ఎవరు? దానికీ మామయ్యే.

డాక్టరుగారు ఇంకేదో అనబోయి ఆగారు. కూర్చోవడానికి చుట్టూ చూస్తే ఖాళీగా కనబడింది పిన్ని పీట ఒక్కటే. దాని మీద కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, “మొదట ఇచ్చింది నేనే కదండీ” అన్నారు.

ఇలాంటివి ఒక్కసారిగా ఆపితే ప్రమాదమని, మెట్టుమెట్టుగా దిగాలని చెప్పి ఆ పూటకి తన ఎదురుగా మాత్ర వేయించారు. ఆ దిగే లెక్క మాత్రం తను చూడనన్నారు. అది తెలిసినవాళ్ళ దగ్గరికి రేపే వెళ్ళాలి అన్నారు. అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. అక్కడ ఎవరైనా చూస్తే కొట్టుకి మళ్ళీ ఎవరు వస్తారు అని గొణిగింది. నేను పక్కన కూర్చుంటాను, నన్ను చూసి పిల్లవాడెవరో జబ్బుపడ్డాడనుకుంటారు అన్నారు డాక్టరుగారు. అత్తయ్యకి ఆ వణుకులోనే నవ్వొచ్చింది.

మర్నాడు పెద్దాసుపత్రికి ఐదుగురం వెళ్ళాం. అత్తయ్య తల మీద కొంగు లాక్కుని, డాక్టరుగారి చాటున నక్కి నడిచింది. వరండాలో బల్ల మీద చోటు చూసుకుని కూర్చున్నామో లేదో, పక్కనుంచి హమ్మయ్య, మీరూ వచ్చారా అని ఎవరో అన్నారు. చూస్తే పాటల మాస్టారు. ఎన్నో ఏళ్ళుగా వస్తున్నారట. ఇక్కడి మాత్రలు మొదలుపెట్టాకే మళ్ళీ పిల్లలకి పాట చెప్పగలుగుతున్నారట. కాకపోతే వాటికి కాస్త ఒళ్ళు వస్తుందని నడుము మీద చెయ్యి వేసుకుని నవ్వారు.

అత్తయ్య కొంగు వెనక్కి జారింది. ఇన్నేళ్ళుగా ఆ నడుము మీద తను వేసిన ఛలోక్తులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి కాబోలు, కళ్ళు దించుకుంది.

“ముందే చెప్పుంటే లోపల గుడ్డ ఎక్కువ వదిలేదాన్ని కదండీ” అంది చివరికి.

మనసు డాక్టరు నా ఈడు ఆడమనిషి. గదిలో బొమ్మలు లేవు, గుర్రం లేదు, మా డాక్టరుగారికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఆవిడ మాత్రల సంగతి అంతా విని, వాటిని వారాల తరబడి కొంచెం కొంచెంగా ఎలా తగ్గించాలో మా ఆయనకి విడమరిచి చెప్పింది. తప్పు చేసిన పిల్లాడిలా కూర్చున్న గుర్రం డాక్టరుగారితో, మీరు ఇవ్వడం తప్పు కాదండీ, ఆ పరిస్థితిలో ఎవరైనా కొన్నాళ్ళకి ఇస్తారు, పది రోజులకి మళ్ళీ చూసి ఉంటే సరిపోయేది అంది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“బిడ్డకి జ్వరం తగ్గకపోతే తల్లులు చంకనేసుకుని మళ్ళీ వస్తారమ్మా. నేను అలవాటుపడింది దానికి. నిద్రపోతున్న పెద్దవాళ్ళని ఎవరూ తీసుకురారు.”

తర్వాత ఆవిడ అత్తయ్య వైపు కుర్చీ జరుపుకుంది. నిద్ర పట్టకుండా పోయే ముందు ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగింది. అత్తయ్య లేదంది, మేమూ లేదన్నాం. అందరం నిజమే చెబుతున్నాం అనుకున్నాం. ఆవిడ ఇంకోలా అడిగింది, రోజంతా కొట్లో ఎవరితో మాట్లాడతారమ్మా అని.

“ఎవరితో మాట్లాడతాను? అది పోయిందిగా” అంది అత్తయ్య.

ఎవరు పోయారని ఆవిడ నెమ్మదిగా అడిగింది. అత్తయ్య నోరు తెరిచింది. దారం సంగతి మొదలుపెట్టింది. గుండీ రంగు వేస్తే ఎంత అసహ్యంగా ఉంటుందో, అది ఎన్నిసార్లు చెప్పినా ఎలా వినేది కాదో, ఎంత మొండిదో చెబుతూ చెబుతూ, మధ్యలో బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. పిన్ని పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపు అది. మామయ్య లేవబోతే మనసు డాక్టరు చేత్తో వద్దని సైగ చేసింది. వారానికోసారి వచ్చి ఆ పిన్ని గురించే చెప్పమంది, కొత్త మాత్రల సంగతి తర్వాత చూద్దామంది.

కుడి చేతులు ఆ ఏడాది నేను కోశాను. అత్తయ్య కుర్చీలో కూర్చుని చెప్పింది, నేను సుద్దగీతలు పెట్టుకుని మరీ కోశాను. అదే రంగు గుడ్డ కోసం మా ఆయన ఊరంతా తిరిగి తల ప్రాణం తోకకి తెచ్చుకున్నారు. బడి తెరిచాక కూడా కొందరు పిల్లలు పాత చొక్కాలతోనే వెళ్ళాల్సి వచ్చింది. మామయ్య ఒక్కొక్క తల్లి దగ్గరికీ వెళ్ళి, ఎల్లుండి అని చెప్పి, ఈసారి నిజంగా ఎల్లుండికే ఇచ్చారు. గుర్రం డాక్టరుగారు రోజు విడిచి రోజు ఇంటికి వెళ్తూ మా గుమ్మంలో ఆగి, నిద్ర ఎలా ఉందమ్మా అని అడిగి వెళ్ళేవారు. తగ్గించిన ప్రతిసారీ రెండు మూడు రోజులు అత్తయ్య మనసు మనసులో ఉండేది కాదు, ఆ తర్వాత సర్దుకునేది. కత్తెర మళ్ళీ పట్టుకుంది, మొదట ఒక మడత, తర్వాత రెండు.

కానీ నోరు లేవలేదు. పనికి కావాల్సిన మాటలు మాట్లాడేది, మళ్ళీ కిటికీ వైపు చూసేది. మాత్ర దాదాపు పోయింది, ఈ మౌనం మాత్రలది కాదని మాకు తెలుస్తూనే ఉంది. ఆవిడ ఇక ఇంతేనేమో అని నాకు చాలా భయమేసింది.

యూనిఫారాల పని ముగిశాక ఒక పొద్దున్న చూస్తే, పిన్ని పీట మీద నీలం దిండు ఉంది. మిగిలిపోయిన ఎడమ చేతులన్నీ తీసి, ముక్కకి ముక్క కలిపి కుట్టిన దిండు. అతుకులు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి, అంత నున్నగా ఉంది.

“రా, కూర్చో” అంది అత్తయ్య. “ఆ మిషను కాజాలు చూడలేక చస్తున్నాను. చేత్తో వేయడం నేర్చుకో.”

కూర్చున్నాను. తెల్ల చొక్కా ఒకటి ఒళ్ళో వేసింది, దానికి నల్ల గుండీలు. సూది ఎలా తిప్పాలో చూపించింది, తల ఊపాను. కుట్టు ఎంత దగ్గరగా పడాలో చెప్పింది, తల ఊపాను. ఇంకేదో చెబుతూ ఆగిపోయి నన్ను తేరిపార చూసింది.

“నువ్వుండగా నాకు నిద్రమాత్రలెందుకే? అన్నిటికీ అలా తల ఊపుతుంటే కునుకొస్తోంది.”

విసురుగానే అంది కానీ ఆ కళ్ళల్లో కోపం లేదు. ఆవిడ నన్ను ఏదో అడుగుతోంది. ఏం అడుగుతోందో నాకు తెలిసింది. ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళి మళ్ళీ కత్తెర ఆడిస్తుంటే, దారం ఉండల డబ్బాలో చెయ్యి పెట్టాను. తెల్లది పక్కకి నెట్టి, నల్లది తీసి సూదికి ఎక్కించాను.

కత్తెర చప్పుడు ఆగింది.

“గుడ్డ రంగు దారం వెయ్యి.”

“వెయ్యను అత్తయ్యా.”

కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. మా ఆయన మిషను తొక్కడం ఆపేశారు. అత్తయ్య కత్తెర బల్ల మీద పెట్టి నా దగ్గరికి వచ్చింది. తెల్ల గుడ్డ మీద నల్ల దారాన్ని చూసింది, నా కింద నీలం దిండుని చూసింది. కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోలేదు.

“గుడ్డ పాడుచేస్తున్నావు, తెలుస్తోందా?”

“కాజా కూడా పనే కదా అత్తయ్యా. నలుగురికీ కనపడనీ.”

“మొండిఘటం” అంది.

“మీ తర్వాతే” అన్నాను.

ఇక మొదలుపెట్టింది. నా సూది పట్టు దగ్గర్నుంచి ఎప్పుడో కుట్టిన కాలరు దాకా దేన్నీ వదల్లేదు. నేనూ ఊరుకోలేదు, తోచిందల్లా అన్నాను. వీధిలో పోతున్న పాటల మాస్టారు ఆగి, గుమ్మంలోంచి తొంగి చూసి, హాయిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. మామయ్య కాసేపు చూసి, రేడియో తీసి మళ్ళీ చెవికి ఆనించుకున్నారు.